మా వదిన నాలుక కోసం నేను చేసిన ప్రార్థన

ఆళ్లగడ్డలో మా అన్నవాళ్ల సంఘంలో ఒక కథ తిరుగుతోంది. నేను ప్రార్థన చేస్తే మా వదినకు కన్ను పోయిందట. ఆ కథ నా దాకా మూడు రకాలుగా వచ్చింది. ఒక రకంలో నేను మూడు రోజులు ఉపవాసముండి మరీ ఆ ప్రార్థన చేశాను. ఇంకో రకంలో వదిన ఆమేన్ అన్న నిమిషానికే ఆమె కన్ను మసకేసింది. మూడో రకం నాకు నంద్యాల బస్టాండులో దొరికింది. నేనెవరో తెలియని ఒకావిడ నా పక్కన కూర్చుని, కథంతా నాకే చెప్పి, చివర్లో "ఆయమ్మతో జాగర్తగా ఉండల్లమ్మా, ఆయమ్మ నోరు మంచిది గాదంట" అని నన్ను నా నుంచే కాపాడబోయింది. నేను తల ఊపి బస్సెక్కాను. ఇంకేం చేయగలను?

అందుకే రాస్తున్నాను. ప్రార్థన వల్ల కన్ను పోదు. నంద్యాల కంటి ఆస్పత్రిలో చుక్కలు వేసి, నంబర్లు పిలిచే మనిషిని కాబట్టి అంతవరకు గట్టిగా చెప్పగలను. కానీ ఆ కథ పూర్తిగా అబద్ధం కూడా కాదు. వదిన కంటికి వైద్యం ఆలస్యమైంది. ఆ ఆలస్యం నేనన్న మాట వల్ల జరిగింది. ఈ రెండో సంగతి తెలిసినవాళ్లు తక్కువ. వాళ్లు కూడా చెప్పరు, ఎందుకంటే ఆ రోజు ఆ గదిలో వాళ్లూ ఉన్నారు.

నాది పదో తరగతి చదువు. మిగిలిన చదువంతా నంద్యాల గ్రంథాలయంలో చదివిందే. దానికి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు కాబట్టి నేనే చెప్పుకోవాలి. ఆస్పత్రిలో మధ్యాహ్నం గంట విరామం ఇస్తారు. పెళ్లి కాకముందు నుంచీ ఆ గంటలో సగం అన్నానికి, సగం పుస్తకానికి ఇచ్చాను. చరిత్ర చదివాను, వైద్యం చదివాను, ఉపన్యాసం ఎలా ఇవ్వాలో చెప్పే పుస్తకాలు చదివాను. నలుగురిలో నిలబడి తడుముకోకుండా మాట్లాడగలను. మా బంధువుల్లో ఎవరింట్లో ఏ కూడిక జరిగినా "ఆ పాపను ప్రార్థన చేయమనండి, బాగా చేస్తాది" అంటారు. అనర్థం అక్కడ మొదలైంది.

మా వదిన ఆళ్లగడ్డలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మా అన్న శిల్పుల షెడ్లలో రాతికి పాలీషు పడతాడు. ఆ ఊర్లో రోడ్డు వెంబడి చెక్కుతున్న దేవుళ్లు వరసగా నిలబడి ఉంటారు. వాళ్ల మోకాళ్లు, భుజాలు నున్నగా మెరిసేది మా అన్నలాంటి వాళ్ల చేతుల వల్లే. అతను ఇంటికొచ్చేసరికి కనుబొమల దాకా తెల్లటి దుమ్ము. "రాయి ఇంటికొచ్చినాది, తలుపు తీయండి" అని కేకేస్తుంది వదిన. అది ఆమె పలకరింపు.

ఆమె పలకరింపులన్నీ ఇలాగే ఉంటాయి. దగ్గుతూ వెళ్తే "ఏమ్మే, ఆ దగ్గు నంద్యాల్లో ఇడ్సిపెట్టి రాలేకపోయినావా?" అంటుంది. చెప్పకుండా వెళ్తే "ముందే చెప్పుంటే తలుపేసుకుని యాడికన్నా పోయేదాన్ని" అంటుంది. సంచిలో పుస్తకం కనబడితే ఇంక చెప్పనక్కర్లేదు. "తిన్యావా, లేకుంటే కాగితాలే మేస్తాండావా?" నాకు ఈ నోరు చిన్నప్పటి నుంచీ అలవాటే. అయినా అలవాటైన దెబ్బ నొప్పి పుట్టదని ఎవరన్నారు?

పోయిన ఏడాది వాళ్లు రేకులు తీసి ఇంటికి స్లాబు వేసుకున్నారు. మావాళ్లలో అలాంటప్పుడు కృతజ్ఞత కూడిక పెట్టి, సంఘంవాళ్లను పిలిచి, పాటలు పాడి, వాక్యం చదివి, తర్వాత భోజనం పెడతారు. నేను సెలవు పెట్టి పొద్దున్నే వెళ్లాను. వంటింట్లో పదిమంది ఆడవాళ్లున్నారు. నన్ను చారు చూడమంటే చూశాను, ఉప్పు చాలలేదని వేశాను. అప్పటికే ఒకసారి వేశారట. వదిన గరిటెతో రుచి చూసి, ఆ పదిమందిలో అంది:

"ఇంత లావు పుస్తకాలు చదివినావు, ఒక్కదాంట్లోనన్నా ఉప్పు గురించి రాయలేదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మండిపోయింది.

మావాళ్ల అలవాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. ఇళ్లలో కూడికలు జరిగినప్పుడు చివర్లో ఒక్కొక్కరి కోసం ఒక్కొక్కరు పైకి ప్రార్థన చేస్తారు. అందరూ కళ్లు మూసుకోవాలి, ఆడవాళ్లు తలమీద కొంగు వేసుకోవాలి. ప్రార్థన మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. అది మంచి పద్ధతే. కానీ ఈ పద్ధతిని మావాళ్లు దేనికి వాడుకుంటారో చూస్తే ఒళ్లు మండుతుంది. ముఖాన అనలేని మాటలన్నీ దేవునికి చెబుతున్నట్టు చెప్పేస్తారు. కోడలు పొద్దెక్కి లేస్తుంటే "ప్రభువా, ఈ బిడ్డకు వేకువనే లేచే మనసియ్యి" అంటుంది అత్త. కోడలు కళ్లు మూసుకుని కొంగు కింద పళ్లు కొరుక్కుంటుంది. పక్కింటాయన ప్రహరీ గోడ జరిపితే "సరిహద్దులు జరిపేవాళ్ల మనసులు మార్చు తండ్రీ" అంటారు. ఎదురు చెప్పడానికి లేదు. దేవునితో మాట్లాడుతున్న మనిషికి అడ్డమెలా వస్తారు? ఇన్నేళ్లుగా దీన్ని చూస్తూ, ఇది పిరికి పని అనుకుంటూ, విసుక్కుంటూ వచ్చినదాన్ని నేను.

ఆ రోజు పాస్టరు గారు "ఈ ఇంటి ఇల్లాలి కోసం వాళ్ల ఆడబిడ్డ ప్రార్థన చేస్తుంది" అన్నారు. నేను లేచాను. నాకొచ్చిన భాషంతా నోటి చివరికి వచ్చి నిలబడింది. స్లాబు కోసం, అన్న ఆరోగ్యం కోసం, బడిలో తినే పిల్లల కోసం చక్కగా చేశాను. అక్కడితో ఆపి ఉంటే ఈ రాత ఉండేది కాదు.

"తండ్రీ, ఈ సహోదరి నాలుకకు మెత్తదనం అనుగ్రహించు. ఈమె మాటల వల్ల గాయపడి, పైకి చెప్పుకోలేక కుమిలిపోతున్న ప్రతి హృదయాన్నీ నువ్వే ఓదార్చు" అన్నాను.

నిజంగా కన్నీళ్లొచ్చాయి. నా మీద నాకే జాలి వేసింది.

దానికి వచ్చిన "ఆమేన్" నేనెప్పుడూ విననంత గట్టిగా వచ్చింది. అప్పటిదాకా నిద్రకు తూగుతున్న ముసలివాళ్లు కూడా అన్నారు. ఎవరో రెండుసార్లన్నారు. ఆ గదిలో వదిన మాట పడనివాళ్లు ఒక్కరూ లేరు మరి. అందరూ ఒకేసారి తమ బాకీ తీర్చుకున్నట్టుంది. ఆ శబ్దం ఆగాక, అందరికంటే ఆఖర్న, చిన్నగా వదిన గొంతు వినిపించింది. ఆమె కూడా "ఆమేన్" అంది. అనాలి కదా, ఆమె ఇంట్లో ఆమె కోసం చేసిన ప్రార్థన.

భోజనాల దగ్గర ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఆమె నోరు మూసుకుని వడ్డించడం నేను చూడటం అదే మొదలు. నా విస్తరి దగ్గరికొచ్చి కూర గిన్నె వంచి, "సరిపోతాదా మేడం?" అంది. అంతే. మళ్లీ నాతో మాట్లాడలేదు.

నాకు అప్పుడైనా సిగ్గేసి ఉండాలి. వేయలేదు. నంద్యాల తిరిగొచ్చేటప్పుడు శిరివెళ్ల దాటేదాకా బస్సులో అనుకున్నాను, ఒక్క కటువు మాట లేకుండా ఆమెకు బుద్ధి చెప్పానని.

వానకాలం వెళ్లాక అన్న ఫోను చేశాడు.

"పాపా, మీ వదినకు కంట్లో నల్లదారాలు ఆడతాండాయంట. కుడి కన్ను. సూదిలో దారం ఎక్కిస్తే పక్కకు పోతాంది."

ఆమెకు ఎప్పటినుంచో షుగరుంది. నేను డాక్టరును కాను కానీ, షుగరున్న మనిషి నల్లదారాలు అంటే దాని వెనక ఏముంటుందో వందసార్లు చూశాను. కంటి లోపల రక్తం కారుతూ ఉంటుంది. తొందరగా వస్తే చాలావరకు నిలుస్తుంది. నాన్చితే నిలవదు.

"రేపే తీసుకురా అన్నా. నేను ముందే చీటీ రాసిపెడతా."

"రాదంట."

"రానంటే ఏంది? నొప్పి లేదని అనుకుంటుందేమో, ఇది నొప్పి పుట్టే జబ్బు కాదు."

"జబ్బు సంగతి గాదు పాపా. నువ్వుండే ఆస్పత్రి మెట్లెక్కనంటాంది. ఏమంటాదంటే..." అన్న తటపటాయించి అన్నాడు, "నాలిక కోసం ప్రార్థన చేస్తే దేవునికి గురి తప్పి కంటికి తగిలినాదంట."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"వేరే ఆస్పత్రికైనా తీసుకుపో."

"ఏ ఆస్పత్రైనా నంద్యాలలోనే గదా, ఆ ఊర్లో బస్సే దిగనంటాంది. ఇంగోటి గూడా చెప్పింది. నలుగురిలో అన్యాది, నలుగురిలోనే ఆ మాట ఎనక్కి తీస్కోమను, అప్పుడొస్తానంటాంది."

ఆ షరతు నాకు మొదటి రోజే తెలుసు. ఈ మాట దాచను. తెలిసీ చేయలేదు. ఇంత చిన్న విషయానికి సంఘం ముందు నిలబడాలా, కన్ను ముఖ్యమా పంతం ముఖ్యమా అని ఆమె మీదే విసుక్కున్నాను. పంతం ఎవరిదో ఆలోచించలేదు. నాకు మాటలు వచ్చు, మాటలతోనే ఒప్పిస్తాననుకున్నాను.

మధ్యాహ్నం విరామంలో కూర్చుని ఒక కాగితం మీద రాసుకుని ఫోను చేశాను. అన్న ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"వదినా, ఆ రోజు నా మాటల వల్ల నీ మనసుకు కలిగిన నొప్పికి నేను హృదయపూర్వకంగా చింతిస్తున్నాను. నీ ఆరోగ్యం మా అందరికీ ఎంతో విలువైనది. దయచేసి..."

"ఇది గూడా ప్రార్థనేనా మ్మే?" అంది వదిన. "కండ్లు మూసుకోవాల్నా?"

"లేదు వదినా, క్షమించమని అడుగుతున్నా."

"అడగడంల్యా, చదువుతాండావు. కాగితం సప్పుడు ఇనపడతాంది."

ఫోను పెట్టేసింది. నేను ఆ కాగితాన్ని చించి చెత్తబుట్టలో వేశాను. కోపం ఆమె మీదే. ఇంత మంచి మాటలు చెబితే వినదేం?

తర్వాత ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. గ్రంథాలయంలో కూర్చుని, ఒక్క కొట్టివేత లేకుండా, మంచి దస్తూరీతో రాశాను. ఎవరికీ నొప్పి తగలని మాటలు ఏరి ఏరి పెట్టాను. ఒకే ఒక్క సంగతి ఆలోచించలేదు: కన్ను కనబడని మనిషికి ఉత్తరం రాస్తున్నానని. అన్న చదివి వినిపించాడట. అతను అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు, అదీ గడప మీద కూర్చుని, వీధంతా వినేంత గట్టిగా. "అపార్థం" దగ్గరికి వచ్చేసరికి వదిన ఆపించిందట. "నాకు అర్థం కాలేదంట చూడు. తప్పు మళ్లా నాదే" అందట. పక్కింటావిడ కూడా "అవునుమీ, అట్లే ఉంది" అందట.

"పాపా, నువ్వు ఉత్తరాలు రాయొద్దమ్మా" అన్నాడు అన్న ఫోనులో. "నా గొంతు పోయినాది. ఆమె కోపం రెండింతలైనాది. ఇప్పుడు బడి బియ్యంలో రాళ్లు చూసి గాదు, చేత్తో తడిమి ఏరతాంది."

ఆ వాక్యం విన్నాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. పిల్లల కోసం వండే బియ్యం ఆమె ఎలా ఏరుతుందో నాకు తెలుసు. చేటను వెలుతురుకు వంచి, వేలితో గింజలు పక్కకు నెడుతూ, ఎవరితోనో పోట్లాడుతూ ఏరుతుంది. తడిమి ఏరుతోందంటే రెండో కన్ను కూడా తగ్గుతోందన్న మాట.

ఇలా అయిదు వారాలు పోయాయి. మొండితనం ఆమెది, తెలివితక్కువతనం మా అన్నది, నోటి దురుసు ఊరిది అనుకుంటూ నా పని నేను చేసుకుంటున్నాను. ఒక సోమవారం పగిడ్యాల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఒక్కడే, తోడెవరూ లేరు. తెల్లవారకముందే బయల్దేరి, నందికొట్కూరులో బస్సు మారి వచ్చాడట. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నాను. నేను తిరిగి చూసేసరికి తెరిచి చూస్తున్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ తెరిచాడు. మూడోసారి నా వెనక నలభైమంది ఉన్నారు, ఫోను మోగుతోంది, లోపల డాక్టరు బెల్లు కొడుతున్నారు.

"ఏం తాతా, చెవుల్లో ఏం పెట్టుకున్యావు? ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" అని అరిచాను.

"చెవులు బాగానే ఉన్నాయమ్మా" అన్నాడాయన. "కండ్లకే వచ్చినా."

బెంచీ మీదివాళ్లందరూ నవ్వారు. ఆయన నవ్వించడానికి అనలేదు, అడిగినదానికి జవాబు చెప్పాడు. ఆ నవ్వుకు ఆయన తల వంచుకున్నాడు. నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "మూసుకుంటే నా నెంబరు పోతాదేమోనని తెరుస్తాండా తల్లీ."

"పోదు. నేనే వచ్చి నీ చెయ్యి పట్టుకుని పిలుస్తా" అన్నాను.

వెంటనే కళ్లు మూసుకున్నాడు. అరగంట కదల్లేదు.

ఇరవై ఏళ్లుగా రోజుకు ఎంతోమందిని కళ్లు మూసుకోలేదని తిట్టాను. వాళ్లెందుకు తెరుస్తున్నారో ఒక్కరిని అడగలేదు. నేను చదివిన ఏ పుస్తకమూ ఇది చెప్పలేదు అనాలనుంది, కానీ చెప్పే ఉంటాయి. నేను వాటిలో బాగున్న వాక్యాలు ఏరుకుని, మిగిలింది వదిలేసి ఉంటాను. ఆ పెద్దాయనకు పనికొచ్చిన నా మాటలో ఒక్క గొప్ప పదం లేదు. ఆయనకు ఏం భయమో దానికి జవాబు ఉంది, అంతే. వదిన నన్ను అడిగింది కూడా ఒక్కటే. నేను దానికి తప్ప అన్నింటికీ జవాబులు రాశాను.

ఆ మధ్యాహ్నం నాకు నా నోరు వినబడటం మొదలైంది. "ఏయ్, లైన్లో ఉండు." "కనపడదా? ఓ, కనపడకే వచ్చినావా, సరే కూచో." "మందు వేసుకోనప్పుడు ఎందుకొచ్చినావు, పో." ఇవన్నీ నావే. వదిన నాలుక కోసం ప్రార్థన చేసిన నోటివే. వదిన తిడితే వెనకాలే అన్నం పెడుతుంది, దగ్గుకు మిరియాల కషాయం కాస్తుంది. నేను తిట్టి, తర్వాతి నంబరు పిలిచేదాన్ని.

ఆ ఆదివారమే ఆళ్లగడ్డ వెళ్లాను. బస్సులో మళ్లీ కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను, అంత సులభంగా పోదు ఆ గుణం. శిరివెళ్ల దగ్గర నా మీద నాకే చిరాకేసి సంచిలో కుక్కేశాను.

పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే సమయంలో చెయ్యెత్తాను. పాస్టరు గారు రమ్మన్నారు. ఆడవాళ్ల వైపు మూడో వరసలో చాప మీద వదిన కూర్చుని ఉంది. కొంగు కింద నుంచి ముఖం ఓ పక్కకు తిప్పి చూస్తోంది, ఎడమ కన్ను నా వైపు వచ్చేలా. మావాళ్లలో ముందు నిలబడ్డవాళ్లు కళ్లు మూసుకుని మాట్లాడతారు. నేను మూసుకోలేదు.

"పోయిన ఏడు మా వదిన ఇంట్లో నేను ప్రార్థన చేసినా" అన్నాను. మా ఇంటి మాటే వచ్చింది నోటికి. "అది ప్రార్థన గాదు. చారు దగ్గర ఈమె ఒక మాటంటే కోపమొచ్చి, ఎదురుగా తిడితే మళ్లా తిడతాదని, దేవుని అడ్డం పెట్టుకుని తిట్టినా."

"స్తోత్రం" అన్నారెవరో అలవాటు కొద్దీ.

"స్తోత్రం గాదక్కా, ఇనండి" అన్నాను. నాకు ఒళ్లు మండింది. "ఆ రోజు మీరంతా గట్టిగా ఆమేన్ అన్యారు. మీకందరికీ ఈమె మీద కోపముంది. ఉంటే ఈమెతో చెప్పుకోండి. నా ప్రార్థనకు మీరిచ్చిన ఆమేన్ నాకొద్దు, ఎవురిది వాళ్లు తీస్కోండి. నేనన్న మాట నేను తీస్కుంటాండా. ఈమె నోటి కోసం ప్రార్థన చేసే అర్హత నాకు లేదు. ఆస్పత్రిలో నా నోరు ఈమె నోటికంటే అన్యాయం, రండి చూపిస్తా."

వెనక మగవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారు కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. నేను ఆగలేదు.

"మా అమ్మ లేనప్పుడు ఈమె నన్ను..."

"చాల్లే, కూచో మ్మే" అంది వదిన చాప మీద నుంచే. "అమ్మదాకా పోవద్దు. బస్సెన్నింటికి?"

అందరూ అటు తిరిగారు. "రెండింటికి" అన్నాను.

"మళ్లా అన్నం తినొద్దా?" అని చిరాకుపడింది. "బేగా కానియ్యండి పాస్టరయ్యా, మందిరంలోనే ఒక్క పొద్దయ్యేట్టుంది."

ఆమె నన్ను చెప్పనివ్వనిది ఇక్కడ రాస్తాను, ఇక్కడ ఆమె ఆపలేదు కదా. మా అమ్మ పోయేటప్పటికి నాకు పదకొండేళ్లు. వదిన పెళ్లయి వచ్చి ఏడాది కాలేదు. బడికి పోనని మూల కూర్చుంటే "లెయ్, ఏడ్చేది ఏదో బళ్లో ఏడువు, ఆడ తోడుంటారు" అని జుట్టు పట్టి లేపి, ఆ జుట్టుకే నూనె రాసి జడ వేసి పంపింది. పదో తరగతి దాకా రోజూ వేసింది, రోజూ తిట్టింది. ఆ తిట్లతో నేను బడికి పోయాను. బడికి పోవడం వల్ల అక్షరాలొచ్చాయి. ఆ అక్షరాలతో పుస్తకాలు చదివి, చివరికి ఆమెకు పదిమందిలో ఎంత అందంగా బుద్ధి చెప్పానో పైన రాశాను.

అంతమాత్రాన కటువుగా మాట్లాడటం మంచిదని నేననను. వదినకు కూడా చెప్పాను ఈ మాట, ఈసారి ముఖం మీదే, ఆ రోజు బస్సులో. నీ తిట్టు వెనక ప్రేమ ఉంటుందని నాకు తెలియడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది, బయటివాళ్లకు అంత టైము ఉండదు వదినా, అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీకు పట్టినాది, నువ్వు మందబుద్ధి" అంది.

మర్నాడు పొద్దున్నే చూపించాం. డాక్టరు చాలాసేపు చూశారు. కుడి కంటి లోపల పొర ముడతపడి లాగేసిందని, వెలుతురు, ఆకారం తప్ప ఇంకేమీ తిరిగి రాకపోవచ్చని అన్నారు. ఎడమ కన్ను నిలబెట్టవచ్చు, లేజరు వెంటనే మొదలుపెట్టాలి, అన్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "మీ సొంత మనిషే కదా, ఆస్పత్రిలోనే ఉంటావు, నెల కిందటే ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగారు. ఆయన కోపంగా అడగలేదు. కోపంగా అడిగి ఉంటే బాగుండేది.

బయటికొచ్చి నడవాలో వదిన పక్కన కూర్చున్నాను. చెప్పాల్సింది చెప్పాను, కుడి కన్ను ఇంతే అని. ఎడమది కాపాడతారని. చెబుతూ ఏడ్చాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి అంది:

"నువ్వు నా కుడిపక్క కూచున్యావు మ్మే. ఈ పక్క ఏడిస్తే నాకు కనపడదు. ఊరికే ఎందుకు కష్టపడతావు?"

ఎడమ కన్ను నిలిచింది. ఇప్పుడు మళ్లీ బియ్యం చూసే ఏరుతోంది. కుడి కన్నుతో మనుషుల ఆకారం తెలుస్తుందట. ఎవరన్నది మాటను బట్టి తెలుసుకుంటుంది. ఆమె నోరు మాత్రం ఏమీ మారలేదు. సంఘంలో ప్రార్థనల పద్ధతీ మారలేదు, మొన్ననే ఒకాయన తన తమ్ముడి పొలం గట్టు సంగతి దేవునికి అరగంట చెప్పాడట. నా నోరు సగం మారింది. బెంచీ నిండా జనం ఉన్నప్పుడు ఇంకా జారుతుంది. జారినప్పుడు ఆ మనిషి దగ్గరికే వెళ్లి, పక్కవాళ్లు వినేలా, "అట్లా అనకూడదు, తప్పు నాది" అంటాను. తిట్టింది వాళ్లందరి ముందరే కదా. రోజుకు నాలుగైదుసార్లు అనాల్సి వస్తోంది. విసుగ్గానే ఉంటుంది.

ఈ రాతకు సాయపడినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పాలనుకున్నాను. పేర్లు రాస్తే మళ్లీ నలుగురిలో అన్నట్టే అవుతుందని వదిన వద్దంది. కాబట్టి పేర్లు లేకుండానే చెబుతున్నాను. అర్థాలు అడిగితే విసుక్కోకుండా నిఘంటువు తెచ్చి ముందు పెట్టిన గ్రంథాలయ ఉద్యోగికి. సాక్ష్యం అంటే ఇది కాదని తెలిసీ నన్ను మధ్యలో కూర్చోబెట్టని పాస్టరు గారికి. ఎడమ కన్ను నిలబెట్టిన డాక్టరు గారికి, ఆయన అడిగిన ప్రశ్నకు. లేజరు వేసిన సోమవారాలు నా బదులు నంబర్లు పిలిచి నన్ను వదిన దగ్గర కూర్చోనిచ్చిన సిస్టరుకు. నా ఉత్తరాన్ని గొంతు పోయేదాకా చదివిన అన్నకు. పగిడ్యాల పెద్దాయనకు, ఇది ఆయనకు చేరకపోయినా. చివరిగా మా వదినకు. దీన్నంతా రెండు సాయంత్రాలు చదివించుకుని విని, తాను అననివి రెండు మాటలు కొట్టేయించి, తాను అన్నవి ఒక్కటీ కొట్టేయనివ్వలేదు.